వీనులకు రక్షణ

కంటికి రెప్ప ఉంది. దుమ్ము రేగినా, ఎండ తీవ్రంగా కాసినా రెప్ప తనంత తానే వాలి కంటిని కాపాడుతుంది. చెవికి అటువంటి రెప్ప లేదు. మనిషి నిద్రించే వేళలో కూడా చెవి తెరచుకొనే ఉంటుంది. మధురమైన పాట ఏ ద్వారం గుండా లోపలికి వస్తుందో, దిమ్మెత్తించే మోత కూడా ఆ ద్వారం గుండానే వస్తుంది. అందుచేత పెద్ద ధ్వనుల మధ్య పనిచేసేవారు తమ చెవులకు తామే ఒక రెప్పను ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది. అటువంటి వారిలో వాద్యకారులు ముఖ్యులు. వాద్యాలను తయారుచేసేవారు, మరమ్మతు చేసేవారు, సంగీతం నేర్పేవారు కూడా ఈ కోవలోకే వస్తారు.

సంగీతం చెవికి హాని చేస్తుందా అని కొందరికి సందేహం కలగవచ్చు. ఈ సందేహం తీరాలంటే మనం వినే తీరును కొంత తెలుసుకోవాలి. వాద్యం మోగినప్పుడు గాలిలో కంపనాలు పుడతాయి. అవి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న చెవిగొట్టం గుండా ప్రయాణించి కర్ణభేరిని తాకుతాయి. కర్ణభేరి కదలికను కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తం ఉంది. అందులో ద్రవం నిండి ఉంటుంది. ఆ ద్రవంలోని అలలకు కదిలే సన్నని రోమకణాలు ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 ఉంటాయి. ఈ కణాలే కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణనాడి ద్వారా మెదడుకు పంపుతాయి. అప్పుడే మనకు వినిపిస్తుంది.

పెద్ద ధ్వని వచ్చినప్పుడు ఈ రోమకణాలు పెనుగాలికి వరిచేను వంగినట్లు వంగిపోతాయి. గాలి తగ్గాక చేను మళ్లీ నిలబడినట్లే, కొంత విశ్రాంతి దొరికితే ఇవి కూడా కోలుకుంటాయి. ఊరేగింపు నుండి ఇంటికి వచ్చిన రాత్రి చెవులు దిమ్మెక్కినట్లుండి, మరునాటికి సర్దుకోవడం ఇందువల్లనే. అయితే గాలి రోజూ వీస్తే ఏ పైరు నిలుస్తుంది? పదేపదే దెబ్బతిన్న రోమకణాలు చివరకు చనిపోతాయి. పక్షులలో ఇవి తిరిగి పుడతాయి. మనుషులలో పుట్టవు. రాలిన పాలపన్ను స్థానంలో మరొకటి వస్తుంది గాని, పోయిన రోమకణం స్థానంలో మరొకటి రాదు. ఈ కణాలకు రాగమూ మోతా అనే భేదం తెలియదు. ధ్వని ఎంత తీవ్రంగా ఉంది, ఎంతసేపు ఉంది అన్నవే వాటికి లెక్క.

ఈ నష్టం నొప్పి లేకుండా మెల్లమెల్లగా వస్తుంది. మొదట హెచ్చు స్థాయి ధ్వనులు వినికిడి నుండి జారిపోతాయి. తాళం చివర వినిపించే సన్నని మోగుదల, తీగ మీద విల్లు ఒరిపిడి వంటివి తెలియకుండా పోతాయి. తరువాత మాటలలోని హల్లులు తికమకపెడతాయి. ఎదుటివారు ‘కల’ అన్నారో ‘తల’ అన్నారో పోల్చుకోవడం కష్టమవుతుంది. మాట వినిపిస్తుంది గాని స్పష్టంగా ఉండదు. కొందరికి నిశ్శబ్దంలో కూడా చెవిలో కీచురాళ్ల రొద వంటి హోరు వినిపిస్తూ ఉంటుంది. శ్రుతిని పట్టి బ్రతికే వాద్యకారునికి ఇంతకు మించిన నష్టం మరొకటి ఉండదు.

ధ్వని తీవ్రతను డెసిబెల్ అనే ప్రమాణంతో కొలుస్తారు. టెలిఫోన్‌తో పేరుగాంచిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే ధ్వని సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఈ కొలతలో ఒక విశేషం ఉంది. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి పదిరెట్లవుతుంది. 3 డెసిబెల్స్ పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. అంటే 100 డెసిబెల్స్ ధ్వనిలో, మామూలు మాటలో ఉన్న శక్తికి పదివేల రెట్లు శక్తి ఉంటుందన్నమాట. పనిచేసేవారి చెవుల రక్షణకు అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ‘నియోష్’ ఒక హద్దును సూచించింది. దాని ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిలో రోజుకు 8 గంటలు మాత్రమే ఉండవచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా కాలం సగానికి తగ్గుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి 1 గంట, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. ధ్వనిని కొలిచే పరికరం దగ్గర లేనప్పుడు ఒక సులభమైన గుర్తు ఉంది. చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అక్కడి ధ్వని ఈ హద్దును సమీపించిందనో, దాటిందనో గ్రహించాలి.

ఈ గుర్తును మన చుట్టూ వినిపించే వాద్యాలకు వర్తింపజేసి చూడవచ్చు. తమిళనాట దేవాలయాలలో మోగే నాదస్వరం, తవిల్. కర్ణాటకలో డొళ్లు కుణిత. మహారాష్ట్రలో గణేశ ఉత్సవాల ఢోల్, తాషా. ఒడిశా రథయాత్రలో కంచు ఘంటలు. యానాం వీధులలో బ్యాండు మేళం, డప్పు - వీటి పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడగలమా? ఈ వాద్యాలలో చాలావరకు ఆరుబయట, దూరాన ఉన్నవారికి కూడా వినిపించడానికి పుట్టినవే. వినేవారికి దూరం ఉంది. వాయించేవారికి లేదు. తవిల్ వాద్యకారుడు ఒక వైపు కర్రతో, మరొక వైపు వేళ్లకు వేసుకున్న గట్టి తొడుగులతో కొడుతున్నప్పుడు ఆ దెబ్బకు అందరికంటే దగ్గరగా ఉన్నవి ఆయన చెవులే. గడ్డం కింద వయొలిన్ పెట్టుకొని వాయించేవారికి కుడి చెవి కంటే ఎడమ చెవికి ఎక్కువ ధ్వని సోకుతుంది.

ఈ ప్రమాదం ఊహించి చెప్పినది కాదని లండన్‌లో జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది. అక్కడి రాయల్ ఒపేరా హౌస్‌లో 2012 సెప్టెంబరులో వాగ్నర్ రచించిన సంగీత నాటకానికి అభ్యాసం జరిగింది. వయొలిన్ కంటే కొంచెం పెద్దదైన వయోలాను వాయించే ఒక కళాకారుని వెనుకనే ఇత్తడి బాకాల బృందం కూర్చుంది. ఆ అభ్యాసంలో ఆయన వినికిడి దెబ్బతిన్నది. క్రమంగా ఆయన తన వృత్తినే వదలుకోవలసి వచ్చింది. ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 2018లో హైకోర్టు సంస్థదే బాధ్యత అని తేల్చింది. 2019లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పును ప్రధానంగా సమర్థించింది. ఇందులో గమనించదగిన విషయం ఒకటుంది. చెవి రక్షణ సాధనాలు ఆ వాద్యకారులకు అందుబాటులోనే ఉన్నాయి. వాటిని ఎప్పుడు ధరించాలన్నది చాలావరకు వారి ఇష్టానికే విడిచిపెట్టారు. చెవులు పూర్తిగా మూసుకుంటే తోటి వాద్యాలు వినిపించవు. తెరచి ఉంచితే చెవులకు హాని. వాద్యకారుల అసలు చిక్కు ఇదే.

చెవిగొట్టంలో అమర్చుకొనే ఈ రక్షణ సాధనాలను ఇయర్ ప్లగ్గులంటారు. సీసాకు బిరడా ఎలాంటిదో చెవికి ఇవి అలాంటివి. కనుక వీటిని చెవి బిరడాలనవచ్చు. వీటి ఆలోచన చాలా పాతది. గ్రీకు మహాకవి హోమర్ రచించిన ‘ఒడిస్సీ’ కావ్యంలో ఒడిస్యూస్ అనే వీరుడు, సైరెన్‌ల పాట విని ప్రాణాలు పోగొట్టుకోకుండా తన నావికుల చెవులను మైనంతో మూస్తాడు. 1907లో జర్మనీలో మాక్స్ నెగ్వర్ స్థాపించిన సంస్థ మైనంలో దూది కలిపి చెవి బిరడాలను తయారుచేసింది. 1970 ప్రాంతాలలో అమెరికాలో మెత్తని నురుగు బిరడాలు వచ్చాయి. వీటిని వేళ్లతో నలిపి చెవిలో పెడితే మెల్లగా ఉబ్బి చెవిగొట్టాన్ని మూస్తాయి. నేడు మందుల దుకాణాలలో తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా ఇవే.

కర్మాగారంలో యంత్రాల రొదను ఆపడానికి నురుగు బిరడా చక్కగా పనిచేస్తుంది. వాద్యకారునికి మాత్రం అది ఇబ్బందిని కలిగిస్తుంది. అది అన్ని ధ్వనులను సమానంగా తగ్గించదు. మంద్ర ధ్వనులను కొంత తగ్గిస్తే, హెచ్చు స్థాయి ధ్వనులను మరింత ఎక్కువగా తగ్గిస్తుంది. దీనికి తోడు మరొక కారణం ఉంది. తెరచి ఉన్న చెవిగొట్టం వేణువులోని గాలిస్తంభం వలె పనిచేస్తూ, సుమారు 2,700 హెర్ట్‌జ్ ప్రాంతంలోని ధ్వనులను సహజంగా పెంచుతుంది. బిరడా పెట్టగానే ఆ పెంపు పోతుంది. అందువల్ల సంగీతం పక్క ఇంటి గోడ అవతల నుండి వస్తున్నట్లు మొద్దుగా వినిపిస్తుంది. శ్రుతి తేడా తెలియదు. గమకం స్పష్టపడదు. ఇక వాద్యకారుడు మరింత గట్టిగా వాయిస్తాడు, లేదా విసిగి బిరడాను తీసి జేబులో వేసుకుంటాడు. రెండూ హానికరమే.

ఈ చిక్కును తీర్చడానికి వాద్యకారుల కోసం ప్రత్యేకమైన బిరడాలను రూపొందించారు. అమెరికాలో మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ 1988లో ఇటువంటి బిరడాను తెచ్చింది. అన్ని స్థాయిల ధ్వనులనూ ఇంచుమించు సమానంగా, సుమారు 15 డెసిబెల్స్ తగ్గించడం దీని ప్రత్యేకత. ఇందులో చిన్న వడపోత సాధనం ఉంటుంది. దానిని ఫిల్టర్ అంటారు. చెవి మూసుకోవడం వల్ల పోయిన సహజమైన పెంపును ఇది లెక్కలోకి తీసుకొని సరిచేస్తుంది. ఈ భేదాన్ని ఒక ఉపమానంతో తెలుసుకోవచ్చు. ఎరుపు అద్దం గుండా చూస్తే తోటలోని రంగులన్నీ మారిపోతాయి. పలుచని నల్ల అద్దం గుండా చూస్తే వెలుగు తగ్గుతుంది గాని ఏ పువ్వు రంగు ఆ పువ్వుకే ఉంటుంది. నురుగు బిరడా ఎరుపు అద్దం వంటిది. వాద్యకారుల బిరడా నల్ల అద్దం వంటిది.

వాద్యకారుల బిరడాలు రెండు రకాలు. సిద్ధంగా దొరికేవి మొదటి రకం. ఒకదానిపై ఒకటి పేర్చిన చిన్న గొడుగుల ఆకారంలో, మెత్తని సిలికాన్‌తో వీటిని చేస్తారు. ఇవి వేర్వేరు పరిమాణాలలో ఉంటాయి. ధర తక్కువ. నేర్చుకొనే పిల్లలకు ఇవే అనువైనవి. ఎదిగే వయసులో చెవిగొట్టం కూడా పెరుగుతుంది కనుక, కొలత ప్రకారం చేయించినవి వారికి కొంతకాలానికే సరిపోకుండా పోతాయి. రెండవ రకం వారి వారి చెవి అచ్చు తీసి చేసేవి. వినికిడి నిపుణుడు చెవిలో మెత్తని పదార్థం నింపి, అది గట్టిపడ్డాక తీసి, దాని ప్రకారం బిరడా చేయిస్తాడు. దవడ కదిలితే చెవిగొట్టం ఆకారం కూడా కొంత మారుతుంది. అందుచేత గాయకులు, ఊదే వాద్యాల కళాకారులు అచ్చు తీసే సమయంలో పాడేటప్పుడు, వాయించేటప్పుడు ఉండే విధంగా నోరు తెరచి ఉంచడం అవసరం. ఇటువంటి బిరడాలలో ఫిల్టరును మార్చుకోవచ్చు. 9, 15, 25 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్లు వాడుకలో ఉన్నాయి.

ఎంత తగ్గించేది ఎన్నుకోవాలి? ఎక్కువ ఆపేదే మంచిదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఒక బృందం 100 డెసిబెల్స్ ధ్వనిలో రెండు గంటలు అభ్యాసం చేస్తుందనుకుందాం. రక్షణ లేకుండా అక్కడ 15 నిమిషాలకు మించి ఉండరాదు. 9 డెసిబెల్స్ తగ్గించే బిరడా పెడితే చెవికి చేరేది 91. అంటే రెండు గంటలకు సరిగ్గా సరిపోతుంది. 15 తగ్గించేది పెడితే చేరేది 85. ఎనిమిది గంటల వరకు భయం లేదు. 25 తగ్గించేది పెడితే చెవికి చేరేది 75 మాత్రమే. చెవికి హాని లేదు గాని తోటివారి వాద్యం అందదు. అవసరానికి కొంచెం మించి రక్షణ ఇస్తూ, సంగీతాన్ని మిగిల్చేదే తగిన బిరడా. ఈ ఉదాహరణలో అది 15 డెసిబెల్స్‌ది.

బిరడాల పెట్టె మీద ముద్రించిన సంఖ్యను యథాతథంగా నమ్మరాదు. ఆ సంఖ్య ప్రయోగశాలలో, నిపుణుల పర్యవేక్షణలో, చక్కగా అమర్చినప్పుడు వచ్చినది. నిత్య వాడుకలో అంత రక్షణ లభించదు. నురుగు బిరడా విషయంలో ముద్రించిన సంఖ్యలో సగాన్నే లెక్కలోకి తీసుకోవాలని నియోష్ సూచించింది. పెట్టె మీద 30 అని ఉంటే 15 అనుకోవాలన్నమాట.

వాద్యాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. తవిల్, డప్పు, ఢోల్, డ్రమ్ముల వంటి వాద్యాలను ఎక్కువసేపు వాయించేవారికి 25 డెసిబెల్స్ ఫిల్టరు అవసరం కావచ్చు. వయొలిన్, వేణువు, బాకా వాయించేవారికి సాధారణంగా 9 గాని 15 గాని సరిపోతుంది. గాయకులకు, నోటితో ఊదే వాద్యాల వారికి మరొక సమస్య ఎదురవుతుంది. చెవులు వేళ్లతో మూసుకొని ‘ఊ’ అని పలికి చూస్తే అది తెలుస్తుంది. తన గొంతు తలలోపల గుమ్మటంలో మోగినట్లు వినిపిస్తుంది. దవడ ఎముకల ద్వారా చెవిగొట్టంలోకి చేరిన ధ్వని బయటికి పోయే దారి లేక అక్కడే మోగడం దీనికి కారణం. బిరడా పైపైన ఉంటే ఈ మోత హెచ్చుతుంది. చెవిగొట్టం రెండవ వంపు దాటేదాకా లోతుగా అమరేటట్లు నిపుణుల చేత చేయించుకుంటే తగ్గుతుంది. నాదస్వరం వాయించేవారు బిరడా కొనేటప్పుడు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

ఎంత మంచి బిరడా అయినా సరిగా అమరకపోతే నిరుపయోగమే. చిన్న సందు ఉన్నా ధ్వని అందులో నుండి చొరబడుతుంది. ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. నురుగు బిరడా అయితే దానిని సన్నని వత్తిలా నలపాలి. రెండవ చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనుకకు మెల్లగా లాగాలి. అప్పుడు వంపుగా ఉన్న చెవిగొట్టం తిన్ననవుతుంది. బిరడాను లోపల అమర్చి, అది ఉబ్బేవరకు అర నిమిషం పాటు వేలితో ఆపి ఉంచాలి. గొడుగుల బిరడాను నలపనక్కరలేదు. కాడ పట్టుకొని మెల్లగా తిప్పుతూ అమర్చాలి. తరువాత ధ్వని వినిపిస్తున్న చోట రెండు అరచేతులతో చెవులను గట్టిగా మూసి, మళ్లీ తీసి చూడాలి. రెండు సందర్భాలలోనూ ధ్వనిలో పెద్ద తేడా లేకపోతే బిరడా సరిగా అమరినట్లు. తేడా ఎక్కువగా ఉంటే తీసి మళ్లీ పెట్టుకోవాలి. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగక మెల్లగా తిప్పుతూ తీయాలి.

అమర్చిన బిరడాను పని ముగిసేవరకు ఉంచుకోవాలి. 30 డెసిబెల్స్ తగ్గించే బిరడాను సగం కాలం మాత్రమే ధరించారనుకుందాం. అప్పుడు ఆ రోజు మొత్తం మీద దక్కే రక్షణ 15 డెసిబెల్స్ అని అనిపిస్తుంది. నిజానికి దక్కేది 3 డెసిబెల్స్ మాత్రమే. బిరడా లేని సగం కాలంలో చెవిలో పడిన ధ్వనిశక్తి అలాగే ఉంటుంది కదా! గొడుగును సగం దారిలో మూసినవాడు తడవక తప్పదు. కనుక రోజంతా హాయిగా ఉంచుకోగల సాధారణమైన బిరడా, పది నిమిషాలకొకసారి తీయవలసి వచ్చే ఖరీదైన బిరడా కంటే మేలు.

బిరడాల శుభ్రత విషయంలో శ్రద్ధ వహించాలి. సిలికాన్ బిరడాలను సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, పెట్టెలో ఉంచాలి. ఫిల్టరు ఉన్నవాటిని నీటిలో ముంచే ముందు ఫిల్టరును తీసివేయాలి. నురుగు బిరడా మాసినా, గట్టిపడినా పారవేయాలి. ఒకరి బిరడాను మరొకరు వాడరాదు. చెవిలో చీము, పుండు, నొప్పి ఉన్నప్పుడు బిరడా పెట్టుకోకుండా వైద్యుని చూడాలి. కొందరు దూది ఉండను చెవిలో పెట్టుకొని రక్షణ దొరికిందనుకుంటారు. దూది ధ్వనిని చాలా కొద్దిగా మాత్రమే తగ్గిస్తుంది. రక్షణ ఉందన్న భ్రమ కలిగించడం దానివల్ల వచ్చే మరొక కీడు.

బిరడా ఒక్కటే రక్షణ మార్గం కాదు. ఆరుబయట ధ్వని పుట్టే చోటు నుండి దూరం రెట్టింపు చేస్తే తీవ్రత దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. లౌడ్‌స్పీకరుకు ఎదురుగా నిలబడకపోవడం, చిన్న గదిలో పెద్ద వాద్యాలను వాయించకపోవడం, మధ్యమధ్య చెవులకు విశ్రాంతినివ్వడం ఎవరైనా చేయగల పనులు. వాద్యాలతో పనిచేసేవారు ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించుకుంటే నష్టం మొదట్లోనే బయటపడుతుంది. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబైలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఈ రంగంలో పేరుపొందినవి. జిల్లా ఆసుపత్రులలోని చెవి, ముక్కు, గొంతు విభాగాల వైద్యులను కూడా సంప్రదించవచ్చు.

కొత్తగా బిరడా పెట్టుకున్నవారికి మొదటి కొద్ది రోజులు ధ్వని వింతగా తోచడం సహజం. అందుచేత కచేరీ నాడే మొదలుపెట్టకుండా, ఇంటివద్ద సాధనలో కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి. మృదంగం వాయించేవారు కరణను, వీణ వాయించేవారు తీగలను ఎంతో జాగ్రత్తగా చూసుకుంటారు. కరణ చెడితే మళ్లీ వేయవచ్చు. తీగ తెగితే మరొకటి కట్టవచ్చు. ఆ వాద్యం శ్రుతిలో ఉన్నదీ లేనిదీ చెప్పే చెవి మాత్రం మళ్లీ దొరకదు. వాద్యాన్ని చేతికి తీసుకున్న మొదటి రోజు నుండే దాని విలువను గుర్తించి కాపాడుకోవడం సంగీతం నేర్చే ప్రతి ఒక్కరికీ అవసరం.